నాలుగింటి కుర్చీ

నాలుగైంది. ఆ గదిలో గడియారం చప్పుడు చెయ్యదు. టిక్కు టిక్కుమంటే కొందరికి గుండెదడ పుడుతుందని, ముల్లు నెమ్మదిగా జారుకుంటూ పోయే రకాన్ని ఏరి తెచ్చి పెట్టుకుంది ఆమె. చప్పుడు లేకపోయినా నాలుగైన సంగతి ఒంటికి తెలుస్తుంది, పాలు పితికే వేళ పశువుకు తెలిసినట్టు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. మూడింటికి ఆ కుర్చీ వేరొకరిది, ఐదింటికి ఇంకొకరిది, కాని గురువారం నాడు నాలుగు నుంచి ఐదుకు పది నిమిషాలు తక్కువ దాకా అది ఒక పదహారేళ్ళ వాడిది. వచ్చినా వాడిదే, రాకపోయినా వాడిదే. పని నేర్పిన పెద్దావిడ చెప్పిన మాట అది. రానివాళ్ళ గంటలో కాగితాలు దిద్దుకోకు, ఫోను చూసుకోకు, పోయి కిటికీలోంచి తొంగిచూడకు. వాళ్ళు రాలేదని నువ్వు లేచిపోయావనుకో, రేపు వచ్చినప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నా లేనట్టే, వాళ్ళకు ఎక్కడున్నా తెలుస్తుంది, అనేది. ఎలా తెలుస్తుందమ్మా అని అడిగితే, నీకు తెలియదా అని నవ్వి ఊరుకునేది. తెలుసు. ఒకప్పుడు ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చున్నది తానే. రాకుండా ఎగ్గొట్టి, వీధి అవతల నిలబడి, ఆవిడ గదిలో దీపం ఆరుతుందా లేదా అని యాభై నిమిషాలూ చూసినది తానే.

బోర్డు మీద కౌన్సిలర్ అని ఉంటుంది. కొత్తలో ఆ బోర్డు చూసి, మునిసిపాలిటీ కౌన్సిలరేమో అనుకుని, వీధి చివరివాళ్ళు మురికికాలవ గోడు చెప్పుకోవడానికి మూడంతస్తులు ఎక్కి వచ్చేవారు. ఆమె కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి వినేది, వినడమే కదా పని, కాలవదైతేనేం. ఒకాయన పోతూ పోతూ, కాలవ బాగుపడేది లేదుగాని నా కడుపుబ్బరం తగ్గిందమ్మా అన్నాడు. ఇప్పుడు ఆ భ్రమ ఎవరికీ లేదు. వచ్చేవాళ్ళు వేరు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసిపెడితే, కాదు నేను మగవాణ్ణి అని తెలుసుకున్నవాళ్ళు, మగపిల్లాడని రాసిపెడితే లోపల ఆడదానిగా పెరిగినవాళ్ళు, రెండూ కాదేమో అని తేల్చుకోలేనివాళ్ళు, పదమూడేళ్ళవాళ్ళు, యాభై దాటినవాళ్ళు. చెప్పినందుకు తిన్న దెబ్బలూ, చెప్పకుండా మింగిన దెబ్బలూ వెంట తెచ్చుకుంటారు. ఆమె ఎవరినీ మార్చదు, మాన్పిస్తానని అనదు. నేను ఫలానా అని వాళ్ళు చెబితే ఫలానాయే అని నమ్ముతుంది, అక్కడ నిలబడి దెబ్బల సంగతి వింటుంది, వాళ్ళు చెప్పినంతే, చెప్పినప్పుడే. తలుపుకు గొళ్ళెం పెట్టదు. చెప్పకుండా లేచి నిలబడదు. ఎదుటివాళ్ళు అరచెయ్యి ఎత్తితే ఎంతటి మాటైనా మధ్యలో ఆపేస్తుంది. బెదిరిన దూడ దగ్గరికి ఎదురుగా పోకూడదు, పక్కనుంచి, నేల చూసుకుంటూ, ఇంకేదో పని ఉన్నట్టు పోవాలి. అది ఏ చదువులోనూ లేదు. వాళ్ళ కొట్టంలో నేర్చుకుంది, ఆ ఇంటికి తాను పెద్దకొడుకుగా ఉన్న రోజుల్లో. ఆ పెద్దకొడుకు ఇప్పుడు లేడు. ఈమె ఉంది, నలభై ఆరేళ్ళ ఆడమనిషి, ముక్కు మీద కళ్ళద్దాల గుంట, చేతుల నిండా ఏమీ లేని ఒక గంట.

నాలుగూ ఐదు. కిటికీ తెర కొంచెం కదిలింది, గాలికి. వచ్చేవాళ్ళ పేర్లు ఆమె మనసులో కూడా అనుకోదు, వేళలతోనే అనుకుంటుంది, మూడింటి అక్క, నాలుగింటివాడు, ఐదింటి దర్జీ. పేరన్నది ఈ గదిలో గాజుసామాను లాంటిది. మొదటిరోజే అడుగుతుంది, లోపల నిన్ను ఏమని పిలవమంటావు, గుమ్మం అవతల ఏమని పిలవమంటావు అని. చాలామందికి రెండూ వేరు. ఫైలు అట్ట మీద గుమ్మం పేరు, లోపలి కాగితం మీద గది పేరు. గంట అయ్యాక వాళ్ళను సాగనంపేటప్పుడు తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆమె ఒక్క క్షణం ఆగుతుంది, చూసేవాళ్ళకు ఏదో మరిచిపోయి ఆగినట్టు ఉంటుంది. మరిచిపోవడానికి కాదు, మార్చుకోవడానికి. ఆ క్షణంలో నోట్లో పేరు మారిపోవాలి. పదకొండేళ్ళలో ఎన్ని వందలమంది, ఎన్ని వేల గుమ్మాలు, ఒక్కసారి తప్పలేదు. తప్పింది పోయిన గురువారం.

ఆ రోజు వాడు నవ్వాడు. ఎనిమిది నెలలుగా వస్తున్నాడు, నవ్వడం అదే మొదలు. వాళ్ళ నాన్న వ్యాను తోలుతాడు, ఫ్రిజ్‌లూ బట్టలుతికే మెషిన్లూ ఇళ్ళకు చేర్చే వ్యాను, తానే మోస్తాడు, తానే మెట్లెక్కిస్తాడు. మోసేటప్పుడు ఫ్రిజ్‌తో మాట్లాడతాడట. కాస్త నువ్వు కూడా ఊతం పట్టవే తల్లీ, అంతా నా మీదే వేస్తే ఎలాగే, అంటాడట. అది చెబుతూ వాడు తండ్రి గొంతు పెట్టి, నడుం పట్టుకుని, ఆ ఊపిరి తీయడంతో సహా చేసి చూపించి, ఒక్కసారిగా నవ్వాడు. ఎండిన చెరువుకు కాలవ వదిలినట్టు ముందు బురద, తరవాత నీళ్ళు, ఆగి ఆగి వచ్చిన నవ్వు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే వాడు వెళ్ళిపోయాడు. కుర్చీ పక్కన నీళ్ళ సీసా మరిచిపోయాడు. ఆమె సీసా తీసుకుని పరిగెత్తింది. తలుపు తీసే ఉంది, పిడి మీద చెయ్యి వెయ్యాల్సిన పని లేకపోయింది, ఆ క్షణం లేకపోయింది. మెట్ల కమ్మీ మీదుగా వంగి వాణ్ణి పిలిచింది, గది పేరుతో. రెండో అంతస్తు మలుపులో వాడు ఆగిపోయాడు, తలెత్తలేదు. తలెత్తినది, వాడికంటే ముందు, ఆ కింది మలుపులో వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చి నిలబడ్డ తండ్రి. ఎవరిని పిలుస్తోందీవిడ అన్నట్టు చూశాడు, పైకి చూశాడు, చుట్టూ చూశాడు. అక్కడ మెట్ల మీద ఇంకెవరూ లేరు.

"అక్కా, వాళ్ళింటికి ఫోన్ చెయ్యనా?" ముందుగదిలో కూర్చునే అమ్మాయి తల మాత్రం లోపలికి పెట్టింది.

"వద్దు."

"పోనీ టీ పెట్టనా?"

"వద్దే."

"అన్నీ వద్దంటే ఎలా. పొద్దున్నించీ అదే మొహం వేసుకుని ఉన్నావు. నీక్కూడా ఒకరు కావాలక్కా, ఎదురుగా కూర్చుని వినేవాళ్ళు."

"నువ్వున్నావుగా."

"నేను వినను, చెప్తాను. అందరూ వింటూ కూర్చుంటే మాట్లాడేదెవరు?" అని తల వెనక్కి లాక్కుంది.

ఫోన్ చెయ్యకూడదు. ఇంటి ఫోను ఎవరు ఎత్తుతారో తెలియదు, ఎత్తినవాళ్ళకు ఏం తెలుసో తెలియదు. ఈ వారం రోజుల్లో ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకుందో, ఎన్నిసార్లు పెట్టేసిందో. ఏం జరిగి ఉంటుంది. కొట్టి ఉంటాడా. కొట్టే మనిషిలా లేడు, కాని కొట్టే మనిషిలా ఉన్నవాళ్ళే కొట్టరని ఇక్కడ కూర్చుని ఎంతమంది దగ్గర విన్నది. బడి మాన్పించాడా. ఇల్లు వదిలిపోయాడా వాడు. పాదాలు నేలకు ఆనించు, అంటుంది తన దగ్గరికి వచ్చినవాళ్ళతో, మనసు ఎటో కొట్టుకుపోతుంటే కళ్ళకు పని చెప్పు, కనబడేవి ఐదు చెప్పు. తనకు తాను చెప్పుకుంది. కుర్చీ. దాని ఎడమ చెయ్యి మీద రంగు పోయిన చోటు, అందరూ గోరుతో గీకి గీకి పోగొట్టినది. నీళ్ళ గ్లాసు, మూత పెట్టి. దర్జీ ఇచ్చిన గుండీల డబ్బా, మాట రానప్పుడు చేతులు ఏరుకోవడానికి. నీళ్ళ సీసా. ఐదు. సీసా దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

వాడు ఎప్పుడూ గోడకు వీపు ఆనించడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని బడికి వెళ్ళిన రోజున నలుగురు చేరి గోడకు నొక్కిపెట్టి, నువ్వెవరో నోటితో చెప్తే వదుల్తాం అన్నారు. వాడు చెప్పలేదు. చెప్పాలంటే ఏం చెప్పాలో వాడికి అప్పటికే తెలుసు, అందుకే చెప్పలేదు, ఆ మాట మొదట వాళ్ళకు చెప్పడం ఇష్టం లేక. అది మూడో నెలలో చెప్పాడు. ఐదో నెలలో ఇంకొకటి చెప్పాడు, గుండీలు ఏరుకుంటూ, తల ఎత్తకుండా. చిన్నప్పుడు నాన్న ఏరా అని పిలిచేవాడు. ముద్దుకు. ఏరా, ఎక్కరా, పోదాం పదరా, అని వ్యాన్లో పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పన్నెండేళ్ళు వచ్చాక ఒకరోజు పొద్దున్నే, ఎవరో చెప్పినట్టు, ఏమ్మా అన్నాడు. ఇక అప్పటినించీ ఏమ్మా. నేనేం తప్పు చేశాను, అని అడిగాడు వాడు, తండ్రిని కాదు, ఆమెను. ఒక్క 'రా' కోసం ఇంతగా మొహంవాచిపోయిన వాణ్ణి ఆమె చూడలేదు. చూడలేదా. అద్దంలో చూసుకోవడం చూడటం కిందికి వస్తుందా.

నాలుగూ పద్దెనిమిది. మెట్ల మీద అడుగులు. ఆమె వీపు నిటారైంది. వాడి అడుగులు కావు. వాడు రెండేసి మెట్లు దూకుతాడు, ఇవి బరువుగా, మెట్టుకు మెట్టుకు మధ్య కొలత తప్పకుండా, మోకాలికి సర్దిచెబుతూ ఎక్కే అడుగులు. గుమ్మంలో తండ్రి నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచి, టోపీ చేత్తో పట్టుకుని, ఊపిరి కోసం ఆగి.

"యాభై నాలుగు మెట్లు," అన్నాడు. "మూడో అంతస్తంటే మామూలుగా నలభై ఎనిమిది ఉంటాయి. మీ వాళ్ళు ఆరు ఎక్కువ కట్టారు."

"కూర్చోండి."

ఆయన ఆ కుర్చీ వైపు చూసి, కూర్చోలేదు. "ఇది తనదేగా. నిలబడతాన్లెండి. కింద వ్యాన్లో కూర్చుంది. కూర్చున్నాడు..." నాలుక రెండుసార్లు తొట్రుపడింది, మూడోసారి ఎక్కడ పట్టు దొరికిందో, "కూర్చున్నారు," అన్నాడు. అని తనకే నవ్వొచ్చి, నవ్వు మధ్యలో మింగేశాడు. "చూశారా మేడం, నా కడుపున పుట్టినవాళ్ళని నేనే మీరు తాము అంటున్నా. పైకి రారంట."

"తను బాగున్నట్టేనా?"

"తింటున్నారు. బడికి పోతున్నారు. నాతో మాట్లాడరు. నేనూ మాట్లాడను." టోపీని ఒక చుట్టు తిప్పాడు. "ఆ పేరు నిజంగా తనదేనా?"

"లోపలి మాట నేను బయట చెప్పకూడదండీ."

"మొన్న చెప్పేశారుగా. మెట్ల మీద నిలబడి అరిచి మరీ చెప్పారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "అవును," అంది, "తప్పు చేశాను. మీ విషయంలో కాదు, తన విషయంలో. ఆ మాట తనకు చెప్పుకోవాలి."

"నిద్ర పట్టట్లేదు, చదువు మీద ధ్యాస లేదు అన్నారు బడివాళ్ళు, పంపించా. ఇది నాకు తెలీదు." కిటికీ వైపు తిరిగాడు. "వారం రోజుల్నించి వ్యాను తోలుతూ ఆ పేరే అనుకుంటున్నా. పేరు బానే ఉంది. ఎత్తలేనంత బరువేం కాదు. కానీ పట్టుకోడానికి చోటు దొరకదు చూడండి కొన్ని సామాన్లకి, అట్టా ఉంది. పాత పేరుతో పిలిస్తే ఆ మొహం చూళ్ళేకపోతున్నా. కొత్తది నోటికి రావట్లా. అందుకని ఏమీ పిలవట్లేదు. తిందాం అంటా, వచ్చి తింటారు. టైమైంది అంటా, బ్యాగు తగిలించుకుంటారు. అంతే. వారం రోజులు. ఇల్లు ఇల్లులా లేదు మేడం, ఎవరో అద్దెకున్నట్టుంది, ఇద్దరం."

ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఉంది. "నాకోసం ఒక్కసారి కిందికి వెళ్ళొస్తారా," అంది. "నేను కిందికి రావచ్చా అని అడగండి. వద్దంటే రాను. ఇంకేమీ చెప్పక్కర్లేదు."

"మళ్ళీ యాభై నాలుగా," అన్నాడాయన, అని చెప్పులు వేసుకున్నాడు.

ఆ అడుగులు కిందికి పోతూ ఉంటే ఆమెకు ఆదివారం వినబడింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి అమ్మ ఫోను చేస్తుంది, తమ్ముడి ఫోను తీసుకుని. పందొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. తిన్నావా. దగ్గు తగ్గిందా. ఇక్కడ వానల్లేవు. ఎర్రది ఈనింది, పెయ్యదూడ. వేణ్ణీళ్ళు తాగు. సరే, ఉంటాను. పందొమ్మిదేళ్ళ ఆదివారాల్లో అమ్మ ఆమెను ఒక్కసారి కూడా ఏమీ పిలవలేదు. పాత పేరు పిలవలేదు, అది ఎంతో దయ అనుకుంది మొదట్లో. కొత్త పేరూ పిలవలేదు. ఒరే లేదు, ఒసే లేదు, నాయనా లేదు, అమ్మాయీ లేదు. తిన్నావా పడుకున్నావా అంటూ మనిషితో ఎంతకాలమైనా అలా మాట్లాడవచ్చు, గట్టు మీద నడిచినట్టు, ఇటు చేలో అటు చేలో కాలు పడకుండా. కాని పందొమ్మిదేళ్ళు గట్టు మీదే నడవాలంటే అడుగడుక్కూ ఎంత చూసుకోవాలి, ఆ ముసలి పాదాలకు ఎంత నొప్పి పుట్టాలి. తిట్టినా బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో. తిట్టడానికైనా ఒక పిలుపు కావాలి కదా, అమ్మ అదీ ఇవ్వదు. ఒకసారి, ఏడెనిమిదేళ్ళ కింద, ఫోనులో వెనకనుంచి పొరుగింటావిడ గొంతు, ఎవరొదినా ఫోన్లో, అని. అమ్మ ఆగింది. అంత సేపు అమ్మ ఎప్పుడూ ఆగలేదు. ఇక్కడ ఈమె గోడ పట్టుకుని నిలబడింది. మనవాళ్ళే, అంది అమ్మ. మనవాళ్ళే. ఒక్కదాన్ని పట్టుకుని పదిమందిని చేసి ఆ పదిమంది మధ్యలో దాచేసింది. అయినా ఆ మాటతో ఆమె నెలరోజులు బతికింది, మనవాళ్ళే, కూర తరుగుతూ, బస్సులో, తల దువ్వుకుంటూ, మనవాళ్ళే. అలాంటి గట్టును, పోయిన గురువారం, ఒక నీళ్ళ సీసా చేత పట్టుకుని పరిగెత్తి, ఇంకో ఇంట్లో తానే వేసి వచ్చింది.

నాలుగూ ముప్పై ఒకటి. అడుగులు మళ్ళీ పైకి. ఈసారి ఆయన గుమ్మంలో చెప్పులు విడవలేదు, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"రావచ్చంట," అన్నాడు రొప్పుతూ. "కానీ సారీ చెప్పొద్దంట."

"సారీ వద్దా?"

"మీరు సారీ అంటే తను పర్లేదు అనాలంట. పర్లేదు అనడం ఇష్టం లేదంట. ఎందుకంటే పర్లేకపోవడం కాదంట... పర్లేదు కాదంట... ఏదో అన్నారు, మీకర్థమవుద్దిలే. ఫ్రిజ్ మోయడమే సులువండీ బాబూ, మాట మోయడం కంటే."

ఆమె నీళ్ళ సీసా తీసుకుని లేచింది. మళ్ళీ ఆలోచించి, సీసా అక్కడే పెట్టేసింది. ఆ సీసాతో వాడి ఎదుట పడటానికి కాళ్ళు రాలేదు. పదకొండేళ్ళలో ఏ ఒక్కరి గంటలోనూ ఆమె ఈ గది దాటలేదు. ముందుగది అమ్మాయి కుర్చీలోంచి సగం లేచి, ఎక్కడికక్కా అని అడగబోయి, ఆమె మొహం చూసి కూర్చుండిపోయింది. మెట్లు. రెండో అంతస్తు మలుపు, ఇక్కడే వాడు ఆగిపోయింది, కమ్మీ మీద అక్కడ ఆ రోజు వాడి చెయ్యి ఉంది. ముందు తండ్రి దిగుతున్నాడు, పక్కవాటంగా, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి. ఆయన వెనక ఆమె. ఏం చెప్పాలి, సారీ తీసేస్తే చేతిలో ఏముంది. చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే ముక్కలు దాచకుండా తెచ్చి అమ్మ ముందు పెట్టి నిలబడేది, నిలబడేవాడు, మాట్లాడకుండా. అమ్మ ముక్కలు చూసేది, మనిషిని చూసేది, కాలికి చెప్పుల్లేకుండా ఇటు రాకు గుచ్చుకుంటాయి, అనేది. తప్పు చేసినవాళ్ళ కాళ్ళ గురించి ముందు చూసే మనిషి. ఆ మనిషి ఇప్పుడు.

వీధి ఎండగా ఉంది. వ్యాను వెనక తలుపులు తీసి ఉన్నాయి. లోపల తాళ్ళు, పాత దుప్పట్లు, ఒక అట్టపెట్టె. వాడు ఆ అంచున కూర్చున్నాడు, కాళ్ళు బయటికి వేలాడేసి, వీపు వెనక ఏ గోడా లేకుండా, ఒంటికి పెద్దదైన తండ్రి చొక్కా వేసుకుని. తండ్రి ముందు చక్రం దగ్గరికి పోయి గాలి చూస్తున్నట్టు వంగాడు, వంగి అలాగే ఉండిపోయాడు. ఆమె వాడికి మూరెడు దూరంలో, పక్కగా, మెట్ల మొదటి రాయి మీద కూర్చుంది. నేల చూసింది. చీమలు పోతున్నాయి వరసగా. ఎవరో సైకిలు తోసుకుంటూ పోయారు. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న ఒకావిడ వీళ్ళను చూసి, ఆరని చొక్కా ఒకటి మళ్ళీ తగిలించి ఇంకాసేపు చూసింది. నిమిషాలు పోయాయి, ఎన్నో ఆమె చూడలేదు, చూడకుండా ఉండటం అదే మొదలు.

"నేనే చెబుదామనుకున్నా," అన్నాడు వాడు. గొంతు బొంగురుగా ఉంది, వాడకుండా పెట్టిన గొంతు. "మా నాన్నకి. వచ్చే నెల నా పుట్టినరోజు. ఆ రోజు వ్యాన్లో, తోలుతున్నప్పుడు. నన్ను చూడక్కర్లేకుండా రోడ్డు చూస్తుంటాడుగా, అప్పుడు. ఎట్టా చెప్పాలో ఇరవై సార్లు రాసుకున్నా. రాసి చింపేశా, రాసి చింపేశా. ఆఖర్న ఒకటి బాగా కుదిరింది."

వాడు చొక్కా చెయ్యి ఒక మడత పైకి లాక్కున్నాడు.

"ఆ మాట నాది."

"అవును. నీది."

"మీరు లాక్కున్నారు."

"లాక్కున్నాను."

కాదంటుందనో, సర్దిచెబుతుందనో అనుకున్నాడేమో, వాడు మొదటిసారి తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె చూపు చీమల మీద నుంచి తీయలేదు. తీస్తే కళ్ళు కనబడతాయి, ఆ కళ్ళను ఊరుకోబెట్టే పని వీడి మీద పడుతుంది. తన మాట కూడా తనకంటే ముందు ఇల్లు చేరింది. ఇరవై ఏడేళ్ళప్పుడు, బస్సు దిగి పొలాల మధ్య నడుస్తూ నోట్లో నూరుకుంటూ పోయింది ఎలా చెప్పాలో, పోయేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది, తలెత్తలేదు. మేనమామ సైకిలు మీద వచ్చి చెప్పి పోయాడు. అమ్మకు అది ఎవరి నోటివెంట విన్నదో ఆ గొంతుతోనే ఉండిపోయింది. తాను చెప్పుకునివుంటే. ఏమో. చెప్పుకునివుంటే ఆదివారాలు ఇంకోలా ఉండేవేమో. ఇది వీడికి చెప్పకూడదు, వీడి గంటలో తన మూట విప్పకూడదు. నోరు బిగబట్టింది. చీమలు ఒక రొట్టెముక్కను గట్టు ఎక్కిస్తున్నాయి, పడేసుకుంటున్నాయి, మళ్ళీ ఎక్కిస్తున్నాయి.

"మీకు నామీద జాలేస్తుందా?"

"లేదు. నామీద కోపంగా ఉంది."

"నాక్కూడా మీమీదే." కాళ్ళు ఒకసారి ఊపాడు. "ఇద్దరికీ మీమీదే అయితే ఇంక మీ పక్కెవరున్నారు?"

"ముందుగదిలో ఒకావిడ ఉంది. టీ పెడతానంటోంది."

వాడు నవ్వలేదు. నవ్వు వచ్చి వెళ్ళిన చోటు మాత్రం పెదవి పక్కన కొంచెం కనబడింది. అవతలి మలుపులోంచి ఐదింటి దర్జీ వస్తోంది, యాభై రెండేళ్ళ మనిషి, దుకాణం నుంచి నేరుగా, మగవాళ్ళ చొక్కా, జేబులో సుద్దముక్క. లోపల ఆమెకు వదినలా నవ్వే దర్జీ వీధిలో ఎవరో ఎరగనట్టు పక్కనుంచి మెట్లెక్కి పోయింది. బయట ఎదురుపడితే పలకరించాలా వద్దా అన్నది వచ్చేవాళ్ళ ఇష్టం, అదీ పద్ధతే. మెట్ల మీద ఆ అడుగులు పైకి పోవడం ఇద్దరూ విన్నారు.

"వెళ్ళండి. ఐదింటివాళ్ళొచ్చారు."

"వెళ్తాను."

"వచ్చే వారం వస్తానో రానో తెలీదు."

"సరే."

"సరే అంటే?"

"నీ ఇష్టం అని. నేను అడగను. ఎదురుచూడనని మాత్రం కాదు."

వాడు దిగాడు. వెనక తలుపులు తానే మూశాడు, గడియ వేశాడు, చుట్టూ తిరిగి పోయి ముందు సీట్లో కూర్చున్నాడు. తండ్రి చక్రం దగ్గర నుంచి లేచి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అరగంట నుంచీ చూసిన చక్రంలో గాలి నిండుగానే ఉంది. ఎక్కి తలుపు వేసుకున్నాడు. తాళం పెట్టాడు. తిప్పలేదు. చెయ్యి తాళం మీద, చూపు అద్దంలోంచి రోడ్డు మీద. వాడి చూపూ రోడ్డు మీదే. వాడి నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది, ఆయన గొంతులో ముడి పైకీ కిందికీ కదిలింది, ఎవరు ముందో తెలియలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. అక్కడ నిలబడటానికి ఆమెకు హక్కు లేదు. ఒక్కసారి లాక్కున్నది చాలు, మళ్ళీ చెవితో లాక్కోకూడదు. మెట్లెక్కింది. త్వరగా ఎక్కాలి, పైన ఒకరి గంట మొదలవబోతోంది. కాళ్ళు మాత్రం నిదానంగా పడుతున్నాయి, చెప్పిన మాట వినని కాళ్ళు, ఒక్కో మెట్టు మీద ఆగి, వంటింట్లోంచి ఎవరైనా పిలుస్తారేమోనని పెరట్లో ఆటలో ఆగే పిల్ల కాళ్ళు. ఆ వ్యాన్లో ఏ మాట పుట్టినా అది తనకు కాదు. తెలుసు. అయినా చెవి కిందే ఉండిపోయింది. మొదటి మలుపు, ఇంజను చప్పుడు లేదు. రెండో మలుపు, లేదు. వీధిలో ఎవరో హారన్ కొట్టారు, జరగమని కాబోలు, రెండుసార్లు, మూడుసార్లు, విసుగ్గా. మూడో అంతస్తు గుమ్మంలో దర్జీ నిలబడి, ఏంటే అలా ఉన్నావు, అని చెయ్యి పట్టుకుంటే, ఉష్, అంది ఆమె, ఆ చెయ్యి వదలకుండా. ఇద్దరూ నిలబడి విన్నారు. కింద వ్యాను ఇంకా కదలలేదు.